నీళ్లలోకి వద్దనను, బుజ్జమ్మా

చల్లపల్లి,
నవంబరు 19.

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.  

నువ్వు పంపిన ఫొటోలు అందాయి. సెల్లులో సరిగా ఆనడం లేదని బజారులో స్టూడియోకి తీసుకెళ్లి పెద్దవి వేయించాను. ఎర్ర కయాక్‌లో కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు అడ్డంగా పట్టుకుని నవ్వుతున్న ఫొటోని మీ నాయనమ్మ మంచం పక్కన పెట్టుకుంది. అదే ఫొటో మీ నాన్నకీ పంపావు కదా. ఆ రాత్రి పదకొండింటికి హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "మీరు చెబితే వింటుంది నాన్నా, నీళ్లలోకి వెళ్లొద్దని గట్టిగా రాయండి" అన్నాడు. రాస్తానని మాటిచ్చాను, రాస్తున్నాను. వాడు రాయమన్న మాట మాత్రం రాయడం లేదు.

మీ నాన్నకు ఈత రాదు. దివి తాలూకాలో, ఎటు నాలుగడుగులు వేసినా కాలువ తగిలే ఊళ్లో పుట్టినవాడికి ఈత రాకపోవడమేమిటని చిన్నప్పుడు నువ్వు నన్నడిగావు. అప్పుడు మాట తప్పించాను. పై తేదీ చూశావు కదా, ఆ జవాబు రాయడానికి ఈ రోజే సరైనదనిపించింది.

ముందు నా సంగతి. మీ ముత్తాత కాలువ మీద నీళ్లు కనిపెట్టే లస్కరు. 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక ఈ డెల్టాలో కాలువే పొలానికి నీరూ, మనుషులకు రోడ్డూ అయింది. నా చిన్నతనానికి బస్సులొచ్చాయి గానీ, ధాన్యం పడవలు ఇంకా తిరిగేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగేవారు. లాకులో పడవను పెట్టి, కింది తలుపులు మూసి, పై నుంచి నీళ్లు వదిలితే అంత బరువు పడవా తనంతట తాను లేచేది. అది చూడటం కోసం బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. నీళ్లు మోస్తాయని నాకు పుస్తకం కంటే ముందు లాకే చెప్పింది.

ఆ పడవలు పెద్దవాళ్లవి. పిల్లలకు తాటిదోనె. మా మేనమామ ఊరు కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఉండేది. దసరా సెలవులకి అక్కడికి పంపేవారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీళ్లతో అప్పటికి కొల్లేరు నిండుగా ఉండేది. దోనె చేయడం అక్కడే చూశాను. ముదురు తాటిచెట్టును పడగొట్టి, మొదలు దగ్గర ఉబ్బుగా ఉండే భాగం ఒక కొస వచ్చేలా కోస్తారు. తాటిమాను వెలుపలి భాగం గొడ్డలికి నిప్పులు రాల్చేంత గట్టి, లోపలంతా మెత్తని పీచు. ఆ పీచును తవ్వి తీసేస్తే పొడుగాటి తొట్టి మిగులుతుంది. మొదలు వైపు మూతపడే ఉంటుంది, రెండో కొస తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ బంకమన్ను ముద్ద పెట్టి పూడ్చేవారు. ఆ మన్ను కరగకుండా కనిపెట్టుకుని ఉండటం నా పని.

దోనె అడుగు గుండ్రం. ఒక పక్కకి వాలితే దొర్లుతుంది. అందుకే పెద్దవాళ్లు రెండు దోనెల్ని పక్కపక్కన కట్టి గెడ వేసుకుంటూ పోయేవారు. నాకు ఒంటి దోనే కావాలి. తొమ్మిదో ఏట ఒకనాడు ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి, తామరాకుల మధ్య బోల్తా కొట్టాను. కాళ్లకు తూడులు చుట్టుకున్నాయి. మేనమామ నీళ్లలోకి దూకలేదు. గట్టు మీద నుంచే, "దోనె తేలుతుంది, దాన్ని వదలకు. కాళ్లు కొట్టకు" అని అరిచాడు. దోనెని కావలించుకుని ఊరుకున్నాను. కాసేపటికి తూడులు వదిలాయి, గెడ అందించి లాగాడు. కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను మళ్లీ అదే దోనె ఎక్కించి, అదే చోటికి తీసుకెళ్లాడు. ఆ మర్నాటి ఉదయాన్ని నేను మీ నాన్నకి ఇవ్వలేకపోయాను.

1977 నవంబరు 19, శనివారం, తుపాను వచ్చిన రోజు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, మీ నాన్నకి అయిదు. చల్లపల్లిలో మాకు గాలి దెబ్బే. పెంకులు లేచిపోయాయి, చెట్లు కూలాయి, రాత్రంతా మీ నాన్నని దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టుకున్నాం. సముద్రం పొంగింది పులిగడ్డకు దిగువన, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరుల వైపు. ఉప్పెన తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని బతికినవాళ్లు చెప్పుకున్నారు. నీళ్లు తీశాక నలుగురం కలిసి బియ్యం, దుప్పట్లు మోసుకుంటూ సొర్లగొంది దిక్కుకి నడిచాం. ఆ కాలువల్లో నేను చూసింది నీకు రాయను. పది వేలకు పైగా మనుషులు పోయారు. మడచెట్లనీ తాటిచెట్లనీ కరుచుకుని తెల్లవార్లూ ఉన్నవాళ్లలో కొందరు మిగిలారు.

ఇంటికొచ్చి మీ నాన్నని కాలువ రేవు మెట్లు దిగనివ్వలేదు. స్నానం నూతి దగ్గరే. తోటివాళ్లంతా గేదెల తోకలు పట్టుకుని ఈదుతుంటే వాడు గట్టున నిలబడి చూసేవాడు. ఒకసారి చొక్కా విప్పి దిగబోయాడని చెయ్యి చేసుకున్నాను. ఆ ఉప్పెనకు ఎంత గజ ఈతగాడైనా నిలవడు, నిజమే. అయితే నేను ఆ ఉప్పెన భయాన్ని తెచ్చి నడుం లోతు కాలువ మీద పెట్టాను. దివిలో చాలామంది తండ్రులు అదే చేశారు. దాని ఫలితం ఇప్పటికీ చూస్తున్నాం. వేసవి సెలవులొస్తే చాలు, ఈత రాని పిల్లలు స్నానానికని దిగి మునిగిపోయారన్న వార్త లేని వారం ఉండదు. 2021లో ప్రపంచం మొత్తం మీద మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. దగ్గరికి వెళ్లనివ్వకపోవడం కాపాడటం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అందుకే నీకు వద్దని చెప్పే నోరు నాకు లేదు, చెప్పాలనీ లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అక్కడ అమెరికాలో ఈలీ ఊరి నుంచి బౌండరీ వాటర్స్‌లోకి వెళ్లి, అయిదు రోజులు ఒక్క మోటారు చప్పుడు వినకుండా తెడ్డు వేశానని రాశావు. వెయ్యికి పైగా సరస్సులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయంటే మ్యాపు పరుచుకుని చూశాను, జల్లెడలా ఉంది. నువ్వుండే డులూత్ దగ్గరి సుపీరియర్ సరస్సులో మన పాత కృష్ణా జిల్లా లాంటివి తొమ్మిది పడతాయట. ఒక సరస్సు నుంచి మరో సరస్సుకి కెనోని నెత్తిన బోర్లించుకుని నడుస్తారనీ, ఆ దూరాన్ని పదహారున్నర అడుగుల రాడ్లలో కొలుస్తారనీ రాసింది మీ నాయనమ్మకి చదివి వినిపిస్తే ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం లేదు. మేం దోనెని మోయలేక గట్టు మీదుగా ఈడ్చి అవతలి కాలువలో దింపేవాళ్లం. అక్కడి ఓజిబ్వే ప్రజలు బిర్చి చెట్టు బెరడుతో కెనో కట్టుకున్నారు, తేలిక కాబట్టి మోయగలిగారు. చెట్టన్నదే లేని మంచుదేశంలో ఇన్యూట్‌లు కొట్టుకొచ్చిన కొయ్యకీ ఎముకలకీ సీలు తోలు బిగించి కయాక్ చేసుకున్నారు. మనకి తాడి దొరికింది, తాడినే తొలిచాం. నువ్వెక్కింది పరాయి పడవ కాదు తల్లీ, దోనెకి చుట్టమే.

ఇక కోప్పడాల్సింది ఒకటుంది. ఫొటోని పెద్దది చేయించాక కనిపించింది: నీ లైఫ్‌జాకెట్ నీ ఒంటి మీద లేదు, వెనకాల తాడు కింద దోపి ఉంది. పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలు, తొడుక్కోవాలని చట్టం లేదని ఫోనులో అన్నావు. చట్టం సంగతి వదిలెయ్. నేను పడిన కొల్లేటి నీళ్లు వెచ్చనివి, కాబట్టి మేనమామ మాట నా చెవికెక్కింది. మే నెలలో మళ్లీ వెళ్తానంటున్నావు. అప్పటికి అక్కడ మంచు కరిగి ఎన్నాళ్లో కాదు. ఎండ చూసి మోసపోతారు, నీళ్లు మాత్రం మంచునీళ్లే. ఆ చలిలో పడితే మొదటి నిమిషం ఊపిరి నీ చేతిలో ఉండదు. ఎగశ్వాస వచ్చి నోరు తెరుచుకుంటుంది, ఆ తెరిచిన నోట్లోకి నీళ్లు పోతాయి. అది దాటితే ఓ పది నిమిషాలు చేతులు మాట వింటాయి. తర్వాత వేళ్లు బిగుసుకుపోయి బకిల్ పెట్టుకోవడం కూడా రాదు. స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుందట, కానీ జాకెట్ లేనివాళ్లు ఆ గంట దాకా ఉండరు. వెనకాల దోపుకున్న జాకెట్‌ని ఆ మొదటి నిమిషంలో ఎలా తొడుక్కుంటావు? ఈత వచ్చినవాళ్లకే ఈ ధీమా ఎక్కువ. గట్టు మీదే తొడుక్కో, బకిల్ బిగించుకో, తర్వాతే కాలు లోపల పెట్టు. పడితే కయాక్‌ని వదలకు, అది తేలుతుంది. ఒంటరిగా వెళ్లకు.

నాకో కోరిక ఉంది. సంక్రాంతికి వస్తానన్నావు కదా. అప్పటికి కాలువల్లో నీళ్లుంటాయి, నదిలో వరద ఉండదు. నాగాయలంక తీసుకెళ్తాను. శ్రీరామ పాదక్షేత్రం ఘాటు దగ్గర పిల్లలకి కయాకింగ్, కెనోయింగ్ నేర్పుతున్నారు. జాలరి ఇళ్ల పిల్లలు జాతీయ పోటీలకు వెళ్లొచ్చారు. 1977లో నేను ఏడుస్తూ దాటిన ఊరి రేవులో ఆడపిల్లలు సన్నటి పడవల్లో బాణాల్లా పోతుంటే చూసి, ఘాటు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

అయితే అక్కడి పద్ధతి వేరు, ఇక్కడి పద్ధతి వేరు. నీ సరస్సులకు పోటూ పాటూ లేవు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలయ్యాక, దిగువకి పోయేకొద్దీ సముద్రం పోటు లోపలికి వస్తుంది, అమావాస్యకీ పున్నమికీ మరీనూ. పాటులో హాయిగా కిందికి పోయినవాడు తిరిగి రావడానికి చెమటోడ్చాలి. నువ్వుండే చోట ఖాళీ నీళ్లు. ఇక్కడ ప్రతి బారెడు నీళ్లూ ఎవరిదో ఒకరి బతుకు: వల ఉంటుంది, మాటు ఉంటుంది, ఎదురుమొండి వెళ్లే పంటు ఉంటుంది. వల కనబడితే చుట్టు తిరిగి పో, తెడ్డు తగలనీకు. మడ అడవిలో తిల్లచెట్టు కొమ్మ విరవకు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బావురుపిల్లి కనబడితే అదృష్టం, కనబడకపోతే బురదలో దాని అడుగులు చూపిస్తాను.

మనూరి కాలువలోనూ ఒక్కసారి దిగాలి. గుర్రపుడెక్క పట్టి అది చాలా చోట్ల నీళ్లలా కనబడదు. 2014 నుంచీ మన ఊళ్లో స్వచ్ఛ చల్లపల్లి వాళ్లు తెల్లారకముందే లేచి వీధులు ఊడుస్తున్నారు, గట్ల మీద మొక్కలు పెంచుతున్నారు. గట్టు బాగుపడింది గాని, నీళ్లలోకి దిగే పిల్లలు లేకపోతే కాలువని ఎవరు కనిపెట్టుకుంటారు? వీధిలో పదిమంది పిల్లల్ని నేను పోగుచేస్తాను. నువ్వు వాళ్లకి తేలడం నేర్పు. ముందు తేలడం, తర్వాత ఈత, ఆ తర్వాత తెడ్డు. నాలుగు రోజుల్లో అంతా రాదు, రేవులో కాలు పెడితే చాలు. మిగిలింది నేను చూసుకుంటాను.

వచ్చేటప్పుడు చాక్లెట్లూ అత్తర్లూ వద్దు. చిన్నపిల్లల సైజు లైఫ్‌జాకెట్లు రెండు పట్రా. పెద్దది ఇంకోటి, నలభై అంగుళాల ఛాతీకి సరిపోయేది. అది మీ నాన్నకి. ఫోను చేసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత సరేనన్నాడు.

ఇట్లు,
మీ తాతయ్య