గోడ యొకటే, పనివారు అనేకులు

పాఠ్యభాగము: నెహెమ్యా 3వ అధ్యాయము

యెరూషలేము గోడను బాగుచేసినవారి పేర్లు ఈ అధ్యాయములో ఉన్నవి. యాజకులు, కంసాలులు, వర్తకులు, తండ్రితో కూడ వచ్చిన కుమార్తెలు సహితము అందులో కనబడుదురు. వారి వృత్తులు వేరు, ఊళ్లు వేరు. అయినను ప్రక్కప్రక్కనే నిలిచి పనిచేసిరి.

మన పాలమూరు, నల్లగొండ మెట్టప్రాంతములలో వాన అదను తప్పుచున్నది; కురిసినప్పుడు ఒక్కపెట్టున కురిసి పోవుచున్నది. బోరు ఎండునప్పుడు ఆ చేను ఏ పార్టీవానిదని చూడదు. కావున వాతావరణ మార్పు విషయమై శాసనకర్తలు పక్షభేదము విడిచి కలిసికొనుట మనకు సంబంధించిన సంగతియే. 2008లో బ్రిటన్ పార్లమెంటు ఇందుకొరకు చట్టము చేసినప్పుడు అక్కడి ప్రధాన పక్షములన్నియు దానిని బలపరచినవి.

మన చెంతను నల్లమల యున్నది. ఆ అడవి వాననీటిని పట్టి ఉంచును. బొగ్గుపులుసు వాయువును పీల్చి చెట్లలో దాచును. చెంచువారికి అదే ఇల్లు. 2019 మే నెలలో అమ్రాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. ప్రజలు కలవరపడిరి. సెప్టెంబరు 16న మంత్రి కె. తారకరామారావు రాష్ట్ర శాసనసభలో దీనికి వ్యతిరేకముగా తీర్మానము ప్రవేశపెట్టగా, ప్రతిపక్షములును సమ్మతించినందున అది ఏకగ్రీవముగా ఆమోదము పొందెను.

అణువిద్యుత్తు పొగ లేనిది గదా యని కొందరందురు. ఆ మాట నిజమే. అయితే ఒక మేలుకొరకు అడవిని, నీటిని, అక్కడ వసించువారిని పోగొట్టుకొనవచ్చునా యని ఆ సభ్యులు ఆలోచించిరి. వారు తమ పార్టీలను విడువలేదు, ఇతర తగవులను మానలేదు. ఈ ఒక్క పనియందు ఏకమైరి.

అయినను తీర్మానము చట్టము కాదు. అణుఖనిజములపై అధికారము కేంద్రమునకే కలదు గనుక అది విన్నపము మాత్రమే. నెహెమ్యా దినములలో కట్టుచున్న గోడకు కావలి కూడ అవసరమాయెను. ఒకనాడు చేతులెత్తిన సభ్యులు ఆ మాటమీద నిలుచునట్లు ఓటర్లమైన మనము అడుగుచుండవలెను.

ఇక మన ఊరి సంగతి. చెరువు పూడిక తీయుటకు గ్రామసభ కూడినప్పుడు, ఆ మాట ఎవరు తెచ్చిరో చూచి లేచి పోవువారు మనలోను కలరు. తెకోవ ఊరివారు గోడపనికి వచ్చిరి గాని వారి పెద్దలు రాలేదని ఈ అధ్యాయమే చెప్పుచున్నది. వచ్చే గ్రామసభలో మనము ఎవరి వరుసలో నుందుము?

ఆలోచించుటకు:
1. మన ఊరిలో ఏ పని పార్టీల తగవువలన ఆగియున్నది?
2. దానికొరకు మనతో ఓటు కలియని ఏ పొరుగువాని యొద్దకు మొదట పోవలెను?