మేనరికం లెక్క: 1/4 ఎక్కడ, 1/16 ఎక్కడ?

గుడివాడ వైపు మేనరికం ఎరగనివారుండరు; పరీక్షల్లో వచ్చే వంశపారంపర్య ప్రశ్నలకు అదే మంచి ఉదాహరణ. బిడ్డలోని ఒక జన్యువు ప్రతులు రెండూ ఒకే పూర్వీకుడిలోని ఒకే ప్రతి నుంచి దిగివచ్చే సంభావ్యత అంతఃప్రజనన గుణకం. మేనమామ–మేనకోడలి సంతానంలో 1/8, బావామరదళ్ల సంతానంలో 1/16.

బంధుత్వం ఉన్నా లేకపోయినా, దంపతులిద్దరూ తలసేమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/4, బిడ్డ వాహకమయ్యే అవకాశం 1/2. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం తప్పు. ఏ కాన్పు లెక్క ఆ కాన్పుదే. ఇద్దరు బిడ్డల్లో కనీసం ఒకరికి వచ్చే అవకాశం: 1 − (3/4)² = 7/16. అభ్యర్థులు తడబడేది ఇక్కడే, రెండుసార్లు చేసి చూడండి.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు, ఆంధ్రలో మేనరికాలపై పరిశోధించారు. చెవి రోమాలు వై క్రోమోజోమ్ లక్షణమని 1960లో ఆయన చెప్పినది తర్వాతి డీఎన్ఏ పరీక్షల్లో నిలవలేదు.