తిమింగలాలు చూడాలంటే ఎటు వెళ్లాలి?

ప్రశ్న: దట్టమైన వానల అడవి, పక్కనే బీచ్, సముద్రంలో తిమింగలాలు ఒకే ప్రయాణంలో చూడాలని మా పిల్లల కోరిక. అండమాన్‌లో కుదురుతుందా? మోకాళ్ల నొప్పులున్న మా నాయన కూడా వస్తానంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఎర్రగుంట్ల

జవాబు: అండమాన్‌లో అడవికీ బీచ్‌లకూ లోటు లేదు. తిమింగలాలు మాత్రం అక్కడ ఎప్పుడో తప్ప కనబడవు. పిల్లల మనసు వాటిమీదే ఉంటే శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సకు వెళ్లండి. అక్కడ ఒడ్డుకు కొద్ది దూరంలోనే సముద్రం బాగా లోతవుతుంది. మేత దొరికే ఆ లోతు నీళ్లకు నీలి తిమింగలాలు వస్తాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి సంక్రాంతి సెలవులు బాగా కుదురుతాయి. మీ ఊళ్లో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి కొలంబోకు విమానం, ఆపైన రోడ్డు.

పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. వాంతులు రాకుండా మాత్ర ఒడ్డునే వేసుకోవాలి, కడలి మీదికి వెళ్లాక వేసుకుంటే లాభం లేదు. ముందు కనబడేది తిమింగలం ఊపిరి, నీటిమీద నిలువుగా లేచే తుంపర. రైలు పెట్టెంత జంతువులో మనకు దొరికేది కాస్త వీపు, మునిగేటప్పుడు తోక. ఏమీ కనబడని రోజులూ ఉంటాయని పిల్లలకు ముందే చెప్పి, రెండు ఉదయాలు చేతిలో ఉంచుకోండి.

డబ్బు కట్టేముందు పడవవాళ్లను గట్టిగా అడగండి: దూరంగా ఇంజను తగ్గించి ఆగుతారా, వెంటపడతారా? ఆ తీరం పక్కనే పెద్ద ఓడల దారి ఉంది. ఓడలు ఢీకొని తిమింగలాలు చనిపోతున్నాయి. చూడ్డానికి వెళ్లిన మనం కూడా తరిమితే అవి ఎక్కడికి పోతాయి? అలాంటి పడవ చవకైనా ఎక్కకండి.

అడవికి సింహరాజ ఉంది. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మిరిస్స నుంచి దెనియాయ వైపుగా వెళ్లొచ్చు. జలగలుంటాయి, పొడవాటి మేజోళ్లు తప్పనిసరి. నాయనగారిని ఆ బురద దారుల్లో నడిపించకండి, బీచ్ దగ్గర గదిలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మాకు పాస్‌పోర్టుల్లేవు. తిమింగలాలు లేకపోయినా పర్వాలేదు, అండమాన్‌లో ఏం చూడాలి?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చెన్నై నుంచి శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్, విమానంలో చేరండి. తెలుగువాళ్లు అక్కడ చాలామంది స్థిరపడ్డారు, భాషకు ఇబ్బంది ఉండదు. హేవ్‌లాక్‌ను ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. అక్కడి రాధానగర్ బీచ్‌లో అడవి దాదాపు ఇసుక దాకా వస్తుంది. బారాటాంగ్‌లో మడ అడవుల మధ్య పడవలో వెళ్లి సున్నపురాయి గుహలు చూడండి. మీ ప్రాంతపు గనుల్లో తవ్వే సున్నపురాయినే అక్కడ వాననీరు ఏళ్ల తరబడి కరిగించి మలిచింది. బారాటాంగ్‌కు వెళ్లే రోడ్డు జారవా ప్రజల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాళ్ల ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. ఆ దారి దాటేదాకా అందరి ఫోన్లూ సంచిలో పెట్టించండి.