బరువు తగ్గుట అనగా నేమి? పోషణ విషయమున వినబడు కొన్ని మాటల అర్థము

అంగన్‌వాడి రిజిస్టరులో ఒక బిడ్డ పేరున కెదురుగా "బరువు తగ్గినది" అని వ్రాయబడియుండును. ఆ గ్రామముననే వారపు సంతలో ఒక వర్తకుడు "బరువు తగ్గును" అని చాటుచు పొడి డబ్బాల నమ్ముచుండును. రెండుచోట్లను మాట ఒక్కటే. మొదటిచోట అది అపాయ సూచన. రెండవచోట కొనుగోలుదారునకు పెట్టిన ఆశ. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలో పంచాయతీ సభ్యులకు స్థానమున్నది గనుక, ఆ రిజిస్టరు మీ ముందునకు వచ్చును. ఆ సంతయు మీ గ్రామములోనే జరుగును. కావున ఇట్టి మాటల అర్థమును మీరు స్పష్టముగ నెరిగియుండుట అవసరము.

పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, నేడు ములుగు జిల్లాలో చేరియున్న పాలంపేట గ్రామమును చూడని వారు మనలో అరుదు. కాకతీయ గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు 1213లో అచ్చట రామప్ప దేవాలయమును నిర్మింపజేసెను. 2021లో దానికి ప్రపంచ వారసత్వ కట్టడముగ గుర్తింపు లభించినది. గుడికి సమీపముననే యున్న రామప్ప చెరువును చూచిన రైతునకు శరీర పోషణ శాస్త్రమును బోధించుట కష్టము కాదు. కొండల నుండి వాగుల ద్వారా నీరు వచ్చును. తూముల ద్వారా పొలములకు పోవును. రాక ఎక్కువై, పోక తక్కువైనచో చెరువు నిండును. మనము తిను ఆహారము రాక. పని చేయుటకు, బ్రతుకుటకు అగు వ్యయము పోక. మిగిలినది క్రొవ్వు రూపమున శరీరములో నిలువ చేరును.

చెరువు నీటిని అడుగులలో కొలిచినట్లే ఆహారమందలి శక్తిని కెలోరీలలో కొలుతురు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు కావలసిన ఉష్ణమే వాడుకలో మనము చెప్పుకొను కెలోరి. పిండిపదార్థము గ్రామునకు 4, మాంసకృత్తులు గ్రామునకు 4, క్రొవ్వు గ్రామునకు 9 కెలోరీల నిచ్చును. నూరు గ్రాముల బియ్యములో ఇంచుమించు 350 కెలోరీలుండును. అయిదు గ్రాములు పట్టు చిన్న చెంచాడు నూనెలోనే 45 కలవు. కూరలో నూనె తేలుట అతిథి మర్యాదగా భావించు మన ఇండ్లలో ఈ లెక్కను ఎవరును వేయరు.

"మాంసకృత్తులు" అను మాట కొంత తికమక పెట్టును. మాంసము అను శబ్దమున్నంత మాత్రమున అవి మాంసమునందే యుండునని తలపరాదు. శరీరములోని కండను నిర్మించునవి గనుక ఆ పేరు వచ్చినది. నూరు గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు, ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, నూరు గ్రాముల బియ్యములో 8 గ్రాములు ఉండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కప్రకారము పెద్దవారికి కిలో బరువునకు రోజుకు 0.83 గ్రాము చొప్పున ఇవి అవసరము. అనగా 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. పలుచని చారుతో కడుపు నిండునుగాని ఈ లెక్క పూర్తికాదు.

ఇక "జీవక్రియ" అనునది. తిన్న ఆహారమును శక్తిగను, కండగను, రక్తముగను మార్చుకొను సమస్త వ్యాపారమునకు ఇది పేరు. మనము నిద్రించునప్పుడును గుండె కొట్టుకొనుచుండును, ఊపిరి ఆడుచుండును, శరీరము వెచ్చగనే యుండును. ఈ నిత్యవ్యయమును మూల జీవక్రియ యందురు. కూర్చుండి పనిచేయు వారిలో రోజు ఖర్చులో సగముకంటె ఎక్కువ దీనికే పోవును. జీవక్రియలో శక్తి ఎట్లు చేతులు మారుచుండునో ప్రపంచమునకు తెలిపిన వారిలో మన తెలుగువాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, కండరములలో శక్తిని నిలువచేయు భాస్వర పదార్థములను 1927, 1929 సంవత్సరములలో వెల్లడించెను.

జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 65 కిలోల పురుషుడు కూర్చుండి పనిచేసినచో రోజుకు 2110 కెలోరీలు, శ్రమతో కూడిన పని చేసినచో 3470 కెలోరీలు అవసరము. రెంటికి నడుమ భేదము 1360. అది ఇంచుమించు 390 గ్రాముల బియ్యమునకు సమానము. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, కాలినడక పోయి మోటారు సైకిలు వచ్చినది. కంచములోని అన్నము మాత్రము తండ్రులనాటి కొలతలోనే యున్నది. గ్రామములలో చక్కెర వ్యాధి, రక్తపుపోటు పెరుగుటకు గల కారణములలో ఇదియు నొకటి.

ఇప్పుడు సంతలోని పొడి డబ్బా సంగతి. ఆహారము తగ్గించిన మొదటి వారములో రెండు మూడు కిలోలు తగ్గుట కలదు. కాని అది చాలవరకు నీరు. కాలేయములోను, కండలోను కొంత పిండిపదార్థము నిలువయుండును. దానితోబాటు దాదాపు మూడురెట్లు నీరు చేరియుండును. నిలువ ఖర్చగునప్పుడు నీరును పోవును, మరల తిన్నప్పుడు తిరిగి వచ్చును. ఆ వర్తకుడు ఈ నీటినే క్రొవ్వుగా చూపి సొమ్ము చేసికొనుచున్నాడు. నిజముగా ఒక కిలో క్రొవ్వు కరుగుటకు సుమారు 7700 కెలోరీల లోటు కావలెను. రోజుకు 500 తగ్గించినను వారమునకు అరకిలోకు మించి తగ్గదు. అంతేకాక, ఇచ్చట చెరువు పోలిక కొంత తప్పును. రాక తగ్గినప్పుడు చెరువు తన తూమును తాను మూసికొనజాలదు, శరీరము మూసికొనును. తిండి మితిమీరి తగ్గించినవానికి జీవక్రియయే నెమ్మదించును, కండయు కరుగును. అందువలన పస్తులుండుటకంటె కొంచెము తగ్గించి తినుట, పప్పు, గ్రుడ్డు, ఆకుకూరలను విడువకుండుట, దినమునకు అరగంటయైన వడిగా నడచుట మేలు. గర్భిణులు, బాలెంతలు, పిల్లలు, క్షయరోగులు బరువు తగ్గు ప్రయత్నమే చేయరాదు.

ఎవరు అధిక బరువో నిర్ణయించుటకు ఒక సూచిక కలదు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో హెచ్చించగా వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. ఎత్తు 1.6 మీటర్లు, బరువు 64 కిలోలైన, 64ను 2.56చే భాగింప 25 వచ్చును. మన దేశమువారికి 18.5 నుండి 23 లోపు ఆరోగ్యకరము. 23 దాటిన అధికము. 25 మొదలు స్థూలకాయము. అదే ఎత్తున బరువు 46 కిలోలైనచో సూచిక 18కి కొంచెము తక్కువ. అది చాలని బరువు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. రామప్ప గుడి చూరుక్రింది నల్లరాతి మదనికల నడుములు శిల్పికి ప్రమాణము. మన ఇంటి ఆడుబిడ్డలకు కాదు. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధిక బరువు గలవారుగను, సుమారు 19 మంది చాలని బరువు గలవారుగను తేలిరి. ఒకే వీధిలో రెండు కష్టములును కలవని దీని భావము.

ప్రయత్నింపకుండగనే బరువు తగ్గినచో అది సంతోషింపదగినది కాదు. ఆరునెలలు, ఏడాదిలో నూటికి అయిదు పాళ్లు, అనగా 60 కిలోలవానికి 3 కిలోలు, కారణము లేక తగ్గినచో వైద్యునికి చూపవలెను. రెండు వారములు మించిన దగ్గుకూడ ఉన్నచో క్షయ పరీక్ష తప్పదు. క్షయరోగికి ఆహారము నిమిత్తము కేంద్ర ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చెడిది. 2024 నవంబరు నుండి అది 1000 రూపాయలైనది. ఆ సొమ్ము రోగి ఖాతాలో చేరుచున్నదా యని విచారించుట సభ్యులు చేయదగిన పని.

"రక్తహీనత" బరువుతో నిమిత్తము లేనిది. లావుగానున్న స్త్రీకిని ఉండవచ్చును. రక్తములోని హిమోగ్లోబిన్ స్త్రీలకు 12, గర్భిణులకు 11 గ్రాములకు లోపుగానున్నచో రక్తహీనత యందురు. పైని చెప్పిన సర్వేలో మన స్త్రీలలో సగముమందికి పైగా ఈ లోపము గలవారే. ఆశా కార్యకర్త ఇచ్చు ఎర్రమాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము కలదు. దానిని కృత్రిమముగ తయారుచేయు విధమును 1945లో సాధించిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడును ఆ సుబ్బారావే. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను పోషక లోప వ్యాధితో మరణించిరి. గర్భిణి ఈ మాత్రను 180 దినములు మ్రింగవలెను; టీ త్రాగిన వెంటనే మ్రింగినచో ఇనుము సరిగా ఒంటబట్టదు.

చివరగా పిల్లల రిజిస్టరు. అందులో మూడు వేరువేరు మాటలుండును. వయస్సునకు తగిన బరువు లేకుండుట "తక్కువ బరువు". వయస్సునకు తగిన ఎత్తు లేకుండుట "గిడసబారుట". ఇది దీర్ఘకాలపు లోపమునకు గుర్తు, రెండేండ్లు నిండిన పిదప సరిదిద్దుట కష్టము. ఎత్తునకు తగిన బరువు లేకుండుట "క్షీణత". ఇది ఇటీవలి జబ్బుచేతనో, తిండి లేమిచేతనో కలుగును, ప్రాణాపాయము దీనియందే ఎక్కువ. కావున మూడింటిని కలిపి ఒకే సంఖ్య చెప్పినచో అంగీకరింపక, క్షీణించిన పిల్లలెందరని వేరుగా అడుగవలెను. ఆరు నెలలకు పైబడి అయిదేండ్ల లోపు బిడ్డ దండ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గిన జాగ్రత్త పడవలెను, 11.5కు తగ్గిన అది తీవ్రము. వరుసగా రెండు నెలలు గీత పైకి సాగక అడ్డముగా నిలిచియున్నచో, బిడ్డ ఆడుకొనుచున్నను ఇంటికి పోయి విచారింపవలెను. రెండు పాదములును ఉబ్బి, నొక్కినచోట గుంటపడు బిడ్డ విషయమున త్రాసును నమ్మరాదు. ఆ వాపులోని నీరు బరువును మామూలుగనే చూపును. అట్టి బిడ్డను ఆ దినముననే ఆస్పత్రికి పంపి, పోషణ పునరావాస కేంద్రములో చేర్పించు ఏర్పాటు చేయవలెను.