చేనుకు కాపలా కాసే వాసనలు

మా బళ్ళారి ప్రాంతంలో మిరప, పత్తి వేసే ఇళ్ళలో ముందు పురుగుమందుల షాపు బాకీ తీరాలి, ఆ తర్వాతే కాలేజీ ఫీజు సంగతి. అందుకే ఈసారి పాఠానికి మందు కొట్టకుండా పురుగును దారి మళ్ళించే విద్యను ఎంచుకున్నాను.

గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన మీకు తెలిసిందే. ఆకు గాయపడినప్పుడు విడుదలయ్యే, తేలికగా ఆవిరయ్యే రసాయనాల వాసన అది. కొడవలి కోతకూ పురుగు కొరుకుడుకూ మొక్క తేడా గుర్తుపట్టగలదు. పురుగు నమిలేటప్పుడు దాని నోటి ద్రవం ఆకుకు తగులుతుంది. ఒక జాతి లద్దెపురుగు నోటి ద్రవం నుండి 1997లో శాస్త్రవేత్తలు వోలిసిటిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది తగిలిన మొక్కజొన్న వేరే రకం వాసనలు వదులుతుంది. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి లద్దెపురుగు శరీరంలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు పురుగును లోపలినుంచి తినేస్తాయి. మొక్క అరిచి పిలుస్తుందని కొందరు రాస్తుంటారు. నాకా మాట నచ్చదు. మొక్కకు పిలిచే ఉద్దేశం ఉండనక్కరలేదు, వాసన అందుకున్న కందిరీగకు ఆహారం దొరికితే చాలు.

ఈ సూత్రాన్ని పొలంలో పెద్ద ఎత్తున అమలు చేసినది తూర్పు ఆఫ్రికాలో. కెన్యాలో మొక్కజొన్నను పాడుచేసే కాండం తొలుచు పురుగుల్లో ఒకటి మన జొన్న చేలలో ఉండేదే. అది ఆసియా నుండి 1930ల నాటికి ఆఫ్రికా చేరింది. పురుగు కాండం లోపల దూరాక మందు దానికి తగలదు, పైగా అక్కడి చిన్న రైతులకు మందు కొనే స్తోమత తక్కువ. 1990లలో నైరోబీలోని ఇసిపె సంస్థలో పనిచేస్తున్న, మన దేశంలో పుట్టిన జెయావుర్ ఖాన్, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ రసాయన శాస్త్రవేత్త జాన్ పికెట్, వారి సహచరులు కలిసి ఒక పద్ధతి రూపొందించారు. దాని పేరు 'పుష్–పుల్', అంటే నెట్టడం, లాగడం.

మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం, చేను చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. డెస్మోడియం తల్లి పురుగుకు గిట్టదు. నేపియర్ వాసన దాన్ని లాగుతుంది. ఈ పురుగు గుడ్లు పెట్టేది రాత్రిపూట. చీకటి పడిన తొలి గంటలోనే నేపియర్ వాసన బాగా పెరుగుతుంది. గుడ్ల నుండి వచ్చిన పిల్లపురుగు కాండంలోకి తొలుస్తుంటే జిగురు ఊరి దాన్ని పట్టేస్తుంది. అలా చాలావరకు చనిపోతాయి. డెస్మోడియం వేర్లు స్ట్రైగా అనే పరాన్నజీవి కలుపును కూడా అణచివేస్తాయి, నేలకు నత్రజని ఇస్తాయి. రైతుకు పశువుల మేత కూడా దొరికింది. పురుగు తగ్గుతుందని చెప్పడం కంటే ఈ మేతే ఎక్కువమంది రైతులను ఒప్పించి ఉంటుందని నా అభిప్రాయం.

కథ ఇక్కడితో ముగియలేదు. నేపియర్‌కు గిడసబారే తెగులు సోకింది. కరువును తట్టుకునే బ్రాకియారియా గడ్డిని తర్వాత వాడారు. డెస్మోడియం నిజంగా వాసనతోనే నెడుతుందా, లేక ఆకుల మీది కొక్కెపు నూగుతో పిల్లపురుగులను పట్టి చంపుతుందా అన్నదానిపై ఇటీవల శాస్త్రవేత్తల మధ్య వాదం నడుస్తోంది. పాఠ్యపుస్తకంలో అచ్చయినది కూడా పరీక్షకు నిలవాలి కదా!

ఇలాంటి పని ఇష్టమైతే బి.ఎస్సీ. అగ్రికల్చర్ తర్వాత కీటక శాస్త్రం చదవవచ్చు. ధార్వాడ, రాయచూరు, కోయంబత్తూరు, భువనేశ్వర్, రాహురిలలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. రసాయన శాస్త్రం చదివినవారికీ ఇందులో చోటుంది. వాసనలను విడదీసి గుర్తించేది వారే.

ఈ సెలవుల్లో మీ ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. మిరప చేను గట్ల మీద ఆముదం విత్తండి. పొగాకు లద్దెపురుగు గుడ్లు పెట్టడానికి ఆముదాన్ని బాగా ఇష్టపడుతుంది. వారానికి రెండుసార్లు ఆముదం ఆకులనూ, అన్నే మిరప మొక్కలనూ చూసి, గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల కుప్పలు ఎక్కడ ఎన్ని ఉన్నాయో నోట్‌బుక్‌లో రాయండి. గుడ్లున్న ఆకునూ, జల్లెడలా మారిన ఆకునూ వెంటనే కోసి నాశనం చేయమని నాన్నగారికి చెప్పండి. కోయకుండా వదిలేస్తే ఆ ఆముదం గట్టే పురుగుల నారుమడి అవుతుంది.