చిన్నవయస్సున మోకాలి కీలుమార్పిడి

1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములందు కార్యాలయములును, వానివెంట పెద్ద ఆసుపత్రులును వెలసినవి. రైతుబిడ్డలు పెక్కురు అచట ఉద్యోగములు చేయుచున్నారు. వృద్ధులే గాక, ఏబదియేండ్లు నిండనివారును మోకాలి కీలుమార్పిడిని గూర్చి విచారించుచున్నందున, ఈ మాసమున ఆ సంగతిని వివరింపదలచితిమి.

తొడయెముకయు కాలియెముకయు కలియుచోట మృదులాస్థి యను నున్నని పొర కలదు. బండి యిరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఈ పొర యట్టిది. పెద్దలలో ఇది వయస్సుచేత అరుగును; చిన్నవారిలో పాతదెబ్బ, కీళ్లవాతము, అధికమైన బరువు తఱచు కారణములు. శస్త్రవైద్యులు అరిగిన యెముకకొనలను కోసి, లోహపు తొడుగులను అమర్చి, నడుమ గట్టి ప్లాస్టిక్కు పలకను ఉంచుదురు.

ఈ పలకయు కాలక్రమమున అరుగును. పూర్తి కీలుమార్పిడులలో నూటికి సుమారు 82 ఇరువదియైదేండ్లు నిలిచినట్లు 2019లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించినది. అయినను 2017లో అదే పత్రికయందు వెలువడిన బ్రిటిషు లెక్కలను గూడ చూడవలెను. డెబ్బదియేండ్లు దాటి చేయించుకొన్నవారిలో మరల శస్త్రచికిత్స కావలసినవారు నూటికి అయిదుగురు. ఏబదియేండ్లు దాటగానే చేయించుకొన్న పురుషులలో నూటికి 35 వరకు. చిన్నవారు ఎక్కువ కాలము జీవింతురు, ఎక్కువ తిరుగుదురు. రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె కష్టము; మిగిలిన యెముకయు తక్కువ.

కావున క్రమము నెఱుగవలెను.

మొదటిది: తొడకండరములకు వ్యాయామము, బరువు తగ్గుట. శరీరపు బరువు ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గును.

రెండవది: కీలు ఒకవైపే అరిగినచో, కాలియెముక వంకరను సరిచేసి భారమును మంచివైపునకు మఱల్చుట, లేక అరిగిన సగమును మాత్రమే మార్చుట.

మూడవది: ఇవి పనిచేయక, నొప్పిచే నిద్రయు నడకయు చెడినప్పుడు పూర్తి కీలుమార్పిడి. అట్టివారు వయస్సు తక్కువయని వెనుదీయ నక్కఱలేదు.

వ్యయమును గూర్చి యొక మాట. 2017 ఆగస్టులో జాతీయ ఔషధధరల ప్రాధికార సంస్థ సాధారణమైన కోబాల్టు క్రోమియము కీలునకు పన్ను గాక 54,720 రూపాయలు గరిష్ఠధరగా నిర్ణయించినది. అది కీలు ధర మాత్రమే. శస్త్రచికిత్స, గది, మందులు, తరువాతి వ్యాయామచికిత్స వేఱు. భూమి తాకట్టు పెట్టుటకు ముందే పద్దులవారీ అంచనాను వ్రాతమూలకముగా తీసికొనవలెను.

శస్త్రచికిత్స పిమ్మట నడక, సైకిలు, ఈత తగును. గొంతుకూర్చుండి కలుపు తీయుట, బస్తాలు మోయుట తగవు. వైద్యుడు పనిని అడుగకపోయినను, తమ పని యెట్టిదో రైతులే ముందుగా చెప్పి, ఈ మూడింటిలో తమకు ఏది తగునో వేఱొక వైద్యునిగూడ అడిగి నిశ్చయించుకొనవలెనని కోరుచున్నాము.