పేరు ఉన్నది, చోటు ఖాళీగా నున్నది

పాఠ్యభాగము: లూకా 15:8–10



మా సంఘములో బహుకాలము సేవచేసిన బైబిలు స్త్రీ యొకరు ప్రభువునందు నిద్రించిరి. అంతకు కొన్ని నెలల ముందు ఆమె సాక్ష్యమును మా యౌవనస్థులు కెమెరాతో తీసి, ప్రీమియర్ ప్రో అను సాఫ్ట్‌వేరులో కూర్చుచుండిరి. జ్ఞాపకార్థ కూడికకు రెండు దినములున్నవనగా కంప్యూటరు తెరచిచూడగా, ఆమె ముఖముండవలసిన చోట ఎఱ్ఱని తెరయు, "మీడియా ఆఫ్‌లైన్" అను మాటయు కనబడెను. పిల్లలు బెంబేలెత్తి, అంతయు చెరిపి మరల మొదలుపెట్టుదమనిరి.

అట్లు చేయరాదు. ఏలయనగా ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్పు ఏ ఫోల్డరులో నున్నదో ఆ చిరునామాయు, దానిని ఎక్కడ కోసి ఎక్కడ అతికితిమో ఆ వివరమును మాత్రమే అందులో నుండును. ఫోల్డరు పేరు మార్చినను, ఫైళ్లను వేరొక చోటికి జరిపినను, హార్డ్‌డిస్కును మరల తగిలించినప్పుడు విండోస్ దానికి 'ఈ'కి బదులు 'ఎఫ్' అను అక్షరము నిచ్చినను, చిరునామా తప్పును. మా సంగతిలో జరిగినది ఈ కడపటిదే. వస్తువు పోలేదు, త్రోవ తప్పినది. వరుసలో దాని చోటు చెక్కుచెదరక యున్నది. ఆ చోటును చెరిపినయెడల చేసిన పని పోవును.

వెదకు విధమేమనగా, ప్రాజెక్టు తెరచినప్పుడు వచ్చు "లింక్ మీడియా" అను పెట్టెలో తప్పిపోయిన ఫైళ్ల పేరులుండును. ఒకదానిని ఎంచి, "లొకేట్" నొక్కి, అది ఇప్పుడున్న ఫోల్డరును చూపవలెను. "రీలింక్ అదర్స్ ఆటోమేటికల్లీ" అను గడిలో గురుతు ఉన్నయెడల, ఒకటి దొరకగానే దానితోకూడ నున్న తక్కినవియు దొరకును. సాధారణముగా ఇది పేరునుబట్టి పోల్చును గనుక, పేరు మారిన ఫైలును మనమే గుర్తించి చూపవలెను.

ఆ రాత్రి ఆమె ముఖము మరల కనబడెను. కాని నాలుగు భాగములలో ఒకటి రాలేదు. దానిని మెమరీ కార్డునుండి డిస్కునకు ఎక్కింపకయే కూర్చిరి; తరువాత ఆ కార్డును చెరిపి, ఒక పెండ్లికి వాడిరి. ఆమె తన రక్షణానుభవమును చెప్పిన భాగము అదే. చిరునామా యున్నది, ఇల్లు లేదు. కావున మొదటనే అన్నిటిని ఒక్క ఫోల్డరులోనికి ఎక్కించి, వేరొక డిస్కులో రెండవ ప్రతి నుంచుడి. పని ముగిసిన పిమ్మట "ప్రాజెక్ట్ మేనేజర్" చేత అన్నిటిని ఒకచోట చేర్చి దాచవచ్చును.

ప్రియులారా, సంఘపు పుస్తకము తెరచినప్పుడెల్ల మాకు ఆ ఎఱ్ఱని తెర జ్ఞాపకము వచ్చుచున్నది. పేరులున్నవి, చోట్లు ఖాళీగా నున్నవి. కొందరు కూలికై పట్టణములకు పోయిరి. కొందరు ఒక మాటకు నొచ్చుకొని ఇంటనే నిలిచిరి. ఆ పేరులను కొట్టివేయుట సులభము. నాణెము పోగొట్టుకొనిన స్త్రీ అట్లు ఊరకుండలేదు. దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకెను. నాణెము ఇంటిలోనే యుండెను. ఒకరిని వెదకి తెచ్చినప్పుడు వారి వెంట ఇంటివారందరును వచ్చుట మేము చూచితిమి. ఆలస్యము చేసి వెళ్లినప్పుడు సమాధి మాత్రమే మిగిలియుండుటయు చూచితిమి.

ఈ నెలలో మీ ప్రక్కన ఖాళీయైన చోటు ఎవరిది? వారి పేరు చెప్పి ప్రార్థించుడి; పిమ్మట లేచి, వారి ఇల్లు కనుగొని వెళ్లుడి. వెదకు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.